సంగటి చల్లారాక

రాత్రి మిగిలిన జొన్న సంగటిని గిన్నెలోనే వదిలేసి, పొద్దున లేచి చూడండి. రాత్రి చేయి కాలేంత వేడిగా, పులుసులో అద్దగానే గొంతులోకి జారిపోయేంత మెత్తగా ఉన్న ముద్ద ఇప్పుడు గిన్నె ఆకారం తెచ్చుకుని ఉంటుంది. పళ్ళెంలో బోర్లిస్తే అట్లాగే కూర్చుంటుంది. వేలితో నొక్కితే లొంగదు. చాకు పెడితే అంచు చెదరకుండా తెగుతుంది. ఎవరూ పొయ్యి వెలిగించలేదు, ఎవరూ ఏమీ కలపలేదు. అయినా రాత్రి తిన్నదీ ఇప్పుడు ఎదురుగా ఉన్నదీ ఒకటి కావు.

కర్నూలు, కడప పల్లెల్లో ఈ సద్ది సంగటిని మజ్జిగలో పిసికి, ఉప్పేసి, ఎర్రగడ్డ కొరుక్కుంటూ తాగి చేలోకి పోయేవాళ్ళు. ఇటలీ ఉత్తరాన, వెనిస్ చుట్టుపక్కల పల్లెల్లో ఇలాంటి ముద్దనే వేడివేడిగా చెక్కబల్ల మీద కుమ్మరించి, బిగిశాక దారంతో కోసుకునేవాళ్ళు. మిగిలిన ముక్కల్ని మర్నాడు పెనం మీదో నిప్పుల మీదో ఎర్రగా కాల్చుకునేవాళ్ళు. వాళ్ళది మొక్కజొన్న రవ్వ, పేరు పొలెంటా. ఇప్పుడది పెద్ద హోటళ్ళ మెనూల్లోకి ఎక్కింది. మనది జొన్న నూక. దాని పేరు మెనూలో కనబడదు. సంగటి అని ఉంటే అది రాగిదే, నాటుకోడి పులుసు పక్కన.

ఈ అధ్యాయమంతా ఆ ఒక్క రాత్రి గురించే. పొయ్యి ఆరాక ముద్ద లోపల జరిగే పని తెలిస్తే సంగటిని వేయించుకోవడం, కాల్చుకోవడం చిటికెలో పని. తెలియకపోతే ముక్క నూనెలో విడిపోయి, బాణలి నిండా నూకలు తేలుతాయి. మొదటిసారి నాకు అదే జరిగింది. వండిన గంటకే వేయించబోయాను.

పొయ్యి దగ్గరికి వెళ్ళేముందు గింజల పేర్ల సంగతి చెప్పాలి. కొర్రకు వృక్షశాస్త్రం పెట్టిన పేరు సెటారియా ఇటాలికా. మన మెట్టచేల గింజకు ఇటలీ పేరు! దాని పుట్టిల్లు నిజానికి ఉత్తర చైనా. 'ఇటాలికా' అన్న తోకను 1753లో తగిలించినవాడు స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్. ఆ తోక మరీ అన్యాయమైనదేమీ కాదు. మొక్కజొన్న అమెరికా నుంచి రాకముందు ఇటలీ పల్లెల్లో పొలెంటా వండింది కొర్రలు, వరిగలు, బార్లీ లాంటి గింజలతోనే. అంటే పాతకాలపు పొలెంటా మన కొర్ర సంగటికి సొంత అక్క.

మొక్కజొన్న మెక్సికోలో సుమారు 9000 ఏళ్ళ కింద ఒక అడవి గడ్డి నుంచి పంటగా మారింది. కొలంబస్ తర్వాత యూరప్ చేరి, 16వ శతాబ్దంలో వెనిస్ పొలాల్లో పాతుకుపోయింది. అక్కడి రైతులు దానికి పెట్టుకున్న పేర్లలో ఒకటి 'సోర్గో తుర్కో', అంటే టర్కీ జొన్న. టర్కీకీ దానికీ ఏ సంబంధమూ లేదు, ఎక్కడో దూరం నుంచి వచ్చిందని చెప్పడమే ఉద్దేశం. తెలుగువాళ్ళు అదే గింజను చూసి మొక్కజొన్న అన్నారు. ఒకరి గురించి ఒకరికి తెలియని రెండు జనాలు కొత్త గింజను తమ పాత జొన్న గాటికే కట్టేశాయి. తినే పద్ధతి కూడా జొన్నదే ఇచ్చాయి: విసిరి, ఉడికించి, ముద్ద చేయడం.

మన వైపు ఈ ముద్ద చరిత్ర చాలా లోతు. కడప జిల్లాలో పెద్దముడియం, హనుమంతరావుపేట లాంటి నవీన శిలాయుగపు ఊళ్ళ మట్టిని పురావస్తు శాస్త్రజ్ఞులు నీళ్ళలో కలిపి తేల్చినప్పుడు, పైకి తేలిన మాడిన గింజల్లో చిరుధాన్యాలు, ఉలవలు, పెసలు కనిపించాయి. వాటి వయసు సుమారు 4000 ఏళ్ళు. ఆ చిరుధాన్యాల్లో ముఖ్యమైనవి అండుకొర్ర, కొర్రకు చుట్టమైన ఇంకో గడ్డిగింజ. జొన్న తర్వాత ఆఫ్రికా నుంచి వచ్చి, కుందూ ఏటి వెంబడి నల్లరేగళ్ళలో ఇంటి పంటైంది. సన్నబియ్యానికి అలవాటుపడిన శ్రీనాథుడు పల్నాటి జొన్నకూటిని చూసి ముఖం చిట్లించాడని చాటువులు చెబుతాయి. ఆయన సీమకు వచ్చినా అంతే అనేవాడేమో. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక సీమ కూడా చాలావరకు శ్రీనాథుడి పక్షం చేరింది. ఇవాళ కోవెలకుంట్ల, బనగానపల్లె రేగళ్ళలో రబీకి వెళ్తే జొన్న కంటే శనగే ఎక్కువ కనబడుతుంది. నంద్యాల పరిశోధనా స్థానం మాత్రం 'సూర్యనంది' లాంటి కొర్ర రకాలను ఇస్తూ పాత గింజను వదలకుండా పట్టుకుంది.

ముద్దకు ఒక చీకటి కథ కూడా ఉంది. అది ఇటలీలో మొదలై హైదరాబాదు దాకా వచ్చింది. 1771లో మిలాన్ వైద్యుడు ఫ్రాంచెస్కో ఫ్రాపోల్లి ఒక జబ్బుకు 'పెల్లాగ్రా' అని పేరు పెట్టాడు, గరుకు చర్మం అని అర్థం. ఎండ తగిలినచోటల్లా చర్మం కమిలి పొలుసులు లేచేది, విరేచనాలు పట్టుకునేవి, ముదిరితే మతి చలించేది. 1881 నాటి లెక్కల్లో ఇటలీలో లక్షమందికి పైగా ఈ రోగులున్నారు. అందరూ మూడు పూటలా పొలెంటా తప్ప వేరే ఏమీ దొరకని పల్లె జనమే. బూజు పట్టిన మొక్కజొన్నలోని విషమే కారణమని చాలాకాలం అనుకున్నారు. 1937లో అమెరికాలో కాన్రాడ్ ఎల్వెహెమ్ అసలు లోటును పట్టుకున్నాడు. అది నియాసిన్ అనే విటమిన్. మొక్కజొన్నలో నియాసిన్ లేకపోలేదు, కానీ మన పేగులు విడదీసుకోలేనట్టు బంధించి ఉంటుంది. మెక్సికో ఆడవాళ్ళు గింజను సున్నపు నీళ్ళలో ఉడికించి రుబ్బుతారు. ఆ సున్నం బంధాన్ని తెంపుతుంది. గింజ సముద్రం దాటింది, సున్నపుతేట దాటలేదు.

దక్కనులో మొక్కజొన్న ముఖ్యాహారం కాదు గదా, మరి ఇక్కడ పెల్లాగ్రా ఎందుకొచ్చింది? జొన్నే తినే పేదల్లో ఈ జబ్బును చూసిన హైదరాబాదు పోషకాహార పరిశోధకులు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో కొత్త వాదన పెట్టారు. జొన్న మాంసకృత్తుల్లో లూసిన్ అనే భాగం మోతాదు మించి ఉంటుందనీ, అది శరీరం నియాసిన్ తయారుచేసుకునే పనికి అడ్డుపడుతుందనీ. లూసిన్ ఒక్కటే దోషా అన్న చర్చ తర్వాత చాలా ఏళ్ళు సాగింది. జబ్బు మాత్రం తిండిలో రకాలు పెరిగేకొద్దీ అరుదైపోయింది. ఈ కథ చదివినప్పుడల్లా నాకు సంగటి పక్కన ఉండే చెనిక్కాయల ఊరుబిండి గుర్తొస్తుంది. 100 గ్రాముల చెనిక్కాయల్లో దాదాపు 12 మిల్లీగ్రాముల నియాసిన్ ఉంటుంది, మనిషికి రోజంతటికీ కావలసినదాంట్లో ముప్పాతిక పైమాటే. ఊరుబిండి నూరినవాళ్ళు రుచి కోసమే నూరారు, విటమిన్ కోసం కాదు. అయినా పని జరిగిపోయింది.

ఇక పొయ్యి వెలిగిద్దాం.

జొన్నపిండిలో దాదాపు 70 శాతం పిండిపదార్థమే. అది కంటికి ఆనని రేణువుల రూపంలో ఉంటుంది. ఒక మిల్లీమీటరు పొడుగున యాభై, అరవై రేణువుల్ని వరసగా పేర్చవచ్చు. చన్నీళ్ళలో వేస్తే ఈ రేణువులకు చలనం ఉండదు, కాసేపటికి అడుగుకు దిగి కూర్చుంటాయి. నీళ్ళు 70 డిగ్రీల చుట్టుపక్కలకు వచ్చేసరికి కథ మారుతుంది. రేణువు లోపలి బిగువు సడలి నీళ్ళు చొరబడతాయి. అది చాలా రెట్లు ఉబ్బి, లోపలి గొలుసు అణువుల్లో కొన్నిటిని బయటికి వదిలేస్తుంది. మన మాటల్లో చెబితే గంజి కడుతుంది. ఆ గొలుసులు రెండు రకాలు. అమైలోజ్ కొమ్మలు లేని పొడుగు పుల్ల. అమైలోపెక్టిన్ తుమ్మచెట్టులా కొమ్మకు కొమ్మ వేసిన గుబురు. మామూలు జొన్నలో పుల్లలు పాతిక శాతం దగ్గర, మిగతాది గుబురు.

సంగటిలో ఉండలు కట్టడానికి కారణం ఇక్కడే ఉంది. మరిగే నీళ్ళలో పొడిపిండి గుప్పెడు పడగానే దాని పైపొర క్షణంలో గంజిగా మారి బంకలా మూసుకుంటుంది. లోపలి పొడికి నీళ్ళు అందే దారి పోతుంది. తింటుంటే నోట్లో పగిలి పొడి రాలే ఉండ అదే. దీనికి సీమ వంటగత్తెలు కనిపెట్టిన ఉపాయం నాకు ఏ ప్రయోగశాల ఉపాయానికీ తీసిపోదనిపిస్తుంది. ముందు నూకను ఎసట్లో ఉడకనిస్తారు. తర్వాత పిండిని దానిమీద కుప్పగా పోసి, కలపకుండా, సంగటి కట్టెతో మధ్యలో బొక్క చేసి, మంట తగ్గించి మూత పెడతారు. ఆవిరి ఆ బొక్కలోంచి పైకి వస్తూ పిండి కుప్పను మెల్లగా తడిపి ఉడికిస్తుంది. అప్పుడుగానీ గెలకడం మొదలుపెట్టరు. గెలికేటప్పుడు మాత్రం దయాదాక్షిణ్యం ఉండదు. కుండను కాళ్ళ మధ్య ఇరికించుకుని, రెండు చేతులా కట్టె పట్టి తిప్పేస్తారు. ఇటలీ పద్ధతి దీనికి తలకిందులు. వాళ్ళు రవ్వను సన్నధారగా వదులుతూ ముప్పావుగంట ఆపకుండా తిప్పుతారు. రెండూ ఒకే చిక్కుకు రెండు జవాబులు. పని తక్కువున్నది మనదే.

వేయించుకోవడానికి సంగటి వండేటప్పుడు కొలత కొద్దిగా మారుతుంది. ఒక గ్లాసు జొన్న నూకకు మూడున్నర గ్లాసుల నీళ్ళు, ఉప్పు, పావు గ్లాసు జొన్నపిండి. నూకను గంటసేపు నానబెడితే మధ్యలో పచ్చి పలుకు మిగలదు. చిన్నమంట మీద అరగంటకు తక్కువ కాకుండా ఉడకాలి. కట్టె నిలబెడితే పడిపోకుండా ఆగి, ముద్ద గిన్నె అంచుల్ని వదులుతూ ఉంటే అయినట్టే. ఇంకో పావుగ్లాసు నీళ్ళు ఎక్కువైతే తినడానికి హాయిగా ఉంటుంది గానీ వేయించడానికి లొంగదు. వేడిగా ఉండగానే నూనె రాసిన పళ్ళెంలో వేలెడు మందాన పరిచి, తడిచేత్తో సాపు చేయాలి. కొత్తిమీర, పచ్చిమిరపకాయలు, జిలకర వేసుకోవాలనుకుంటే పరిచేముందే. తర్వాత ఇక ముద్దను ముట్టుకోవద్దు.

ఇప్పుడు రాత్రి పని మొదలవుతుంది. వేడిగా ఉన్నప్పుడు నీళ్ళలో చెల్లాచెదురుగా తిరుగుతున్న అమైలోజ్ పుల్లలు, చల్లారేకొద్దీ ఒకదాని పక్కకు ఒకటి చేరి జతకడతాయి. చీపురు పుల్లల్ని నేల మీద చిమ్మితే ఎటు పడ్డవి అటే ఉంటాయి, ఈ పుల్లలు మాత్రం తమంతట తామే కట్టలు కట్టుకుంటాయి. కట్టలన్నీ కలిసి వలలాంటి ఒక అల్లిక అవుతుంది. నీళ్ళు ఎక్కడికీ పోలేదు, ఆ వల కళ్ళల్లో చిక్కుకున్నాయి. ముద్ద గట్టిపడిందంటే ఎండిపోయిందని చాలామంది అనుకుంటారు. తూచి చూస్తే బరువు దాదాపు రాత్రి ఉన్నంతే ఉంటుంది. శాస్త్రం దీన్ని రెట్రోగ్రెడేషన్ అంటుంది. పిండి తన పాత బిగువుకు వెనుదిరిగి పోతుందని దాని భావం, పూర్తిగా పోలేదనుకోండి.

పుల్లలు కట్టలు కట్టడానికి కొన్ని గంటలు చాలు. గుబురుగా ఉన్న అమైలోపెక్టిన్ సర్దుకోవడానికి రోజులు పడుతుంది. అందుకే రెండో రోజు ముద్ద మొదటిరోజు కంటే ఇంకా గట్టి. ఈ మార్పు 4 డిగ్రీల దగ్గర, అంటే సరిగ్గా ఫ్రిజ్జులో, వేగంగా జరుగుతుంది. బ్రెడ్డు ఫ్రిజ్జులో పెడితే తొందరగా పెళుసెక్కేది, మిగిలిన అన్నం పలుకులయ్యేది ఇందుకే. వాటికి నష్టమైంది మనకు లాభం. చైనా, జపానుల్లో అమైలోజ్ దాదాపు లేని బంక రకాల కొర్రలున్నాయి. వాటితో వండితే ఎన్ని గంటలు ఆగినా ముక్క బిగియదు, సాగుతూనే ఉంటుంది. మన కొర్రల్లో ఆ ఇబ్బంది లేదు.

పొద్దున పళ్ళెం మీద నీటి బొట్లు కనబడితే కంగారొద్దు. అల్లిక బిగిసేకొద్దీ కొంత నీటిని బయటికి నెట్టేస్తుంది. గుడ్డతో అద్దేయాలి. ఆ తేమ మీదే మన తర్వాతి యుద్ధం.

ఒక గ్రాము నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడి చేయడానికి 70 కేలరీల వేడి చాలు. ఆ గ్రామునే ఆవిరిగా మార్చడానికి ఇంకా 540 కేలరీలు కావాలి, దాదాపు ఎనిమిది రెట్లు. సంగటి ముక్క బరువులో ముప్పాతిక వంతు నీళ్ళే. పైపొరలో తడి ఉన్నంతసేపు, పెనం ఎంత మండుతున్నా ఆ పొర 100 డిగ్రీలు దాటదు. ఎర్రటి రంగు, వేయించిన వాసన పుట్టాలంటే 140 డిగ్రీలకు పైగా కావాలి. చక్కెరలు, మాంసకృత్తులు కలిసి కమ్మటి వాసనగా మారే ఆ చర్యకు 1912లో దాన్ని వివరించిన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ మయ్యార్ పేరే ఉంది. కాబట్టి ముందు పైపొర ఎండాలి, తర్వాతే ఎర్రబడుతుంది. ముక్కల్ని జొన్నపిండిలో ఒకసారి దొర్లిస్తే ఆ పొడి పైతడిని పీల్చుకుని సగం పని చేసిపెడుతుంది.

పెనం మీదైతే చెనిక్కాయల నూనె రెండు గరిటెలు. ముక్క వేసిన వెంటనే పెనానికి అతుక్కుంటుంది. అక్కడే అందరూ తొందరపడి అట్లకాడతో గీకి విరగ్గొడతారు. ఐదారు నిమిషాలు ఆగితే కింద గట్టి పొర ఏర్పడి దానంతటదే ఊడివస్తుంది. బాణలిలో వేయించేటట్టయితే నూనె 180 డిగ్రీల దగ్గర ఉండాలి. చిన్న ముక్క వేస్తే అడుగుకు పోకుండా బుడగలతో పైకి రావడమే కొలత. ఆ బుడగలు మరుగుతున్న నూనె కాదు, ముక్కలోంచి పారిపోతున్న నీటి ఆవిరి. అది బయటికి తోసుకొస్తున్నంతసేపు నూనెకు లోపలికి దారి లేదు. బుడగలు సన్నగిల్లాయంటే ముక్క తీసే వేళైంది. నూనె ఎక్కువగా పట్టేది తీసిన తర్వాత. చల్లారుతుంటే లోపలి ఆవిరి మళ్ళీ నీరై, ఆ ఖాళీలోకి పైనున్న నూనెను పీల్చుకుంటుంది. అందుకని బాణలిలోంచి తీసిన క్షణమే జల్లెడలో వేసి విదిలించాలి. పళ్ళెంలో కుప్పపోసి, తీరిగ్గా కాగితం వెతకడం కాదు.

నూనె వద్దనుకునేవాళ్ళకు ఓవెన్ ఉంది. 220 డిగ్రీల్లో, రేకు మీద ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పేర్చి, పైన నూనె చేత్తో రాసి, మధ్యలో ఒకసారి తిప్పుతూ అరగంట. గాలి నూనెలాగా వేడిని అందించలేదు కాబట్టి అంతసేపు. పొర కూడా వేరుగా వస్తుంది, కరకర కంటే ఎక్కువగా చెక్కలా బిరుసుగా ఉంటుంది. నాకు నచ్చేది పెనమే. రాగి సంగటితో ప్రయత్నించేవాళ్ళు ఒకటి గమనించాలి. అందులో ఉడికిన బియ్యం ఎంత ఎక్కువుంటే ముక్క అంత మెత్తగా విరుగుతుంది. బియ్యం తగ్గించి పిండి పెంచుకోవాలి. షుగరున్నవాళ్ళకు సద్ది సంగటి మంచిదనే మాట ఈమధ్య చాలా వినబడుతోంది. చల్లారిన పిండిపదార్థంలో కొంత అరగకుండా పెద్దపేగు దాకా పోతుందన్నది నిజం. కానీ ఆ కొంత చాలా కొంతే, నూనెలో వేయించిన పళ్ళెడు ముక్కలకు అది అనుమతిపత్రం కాదు.

మిగిలిన చల్లటి ముక్కల్ని వేయించకుండా మళ్ళీ మెత్తటి సంగటి చేసుకుందామని ఇడ్లీపాత్రలో ఆవిరి పెడితే ఏమవుతుంది? కొంత మెత్తబడుతుంది. అమైలోపెక్టిన్ గుబురు రోజులు పట్టి సర్దుకున్నదంతా 60 డిగ్రీల దగ్గరే చెదిరిపోతుంది. అమైలోజ్ కట్టలు మాత్రం అట్లా విడవవు. వాటికి 120 డిగ్రీలు దాటిన వేడి కావాలి. ఇడ్లీపాత్ర 100 దగ్గరే ఆగుతుంది, ప్రెషర్ కుక్కర్ కూడా నిండు ఒత్తిడిలో 120 అంచుకు మాత్రమే చేరుతుంది. పొద్దున వేడిచేసిన సంగటి మెత్తగానే ఉన్నా వేళ్ళ మధ్య సాగకుండా పలుకులుగా విడిపోతూ, పులుసును పట్టుకోకుండా జార్చేయడం దాంతోనే.